పెనుకొండ చేదబావి

1959 ఫిబ్రవరి 9, పెనుకొండ

ఈ రోజు ఉద్యోగంలో చేరాను. ప్రసూతి కేంద్రం అంటే పెద్దదేమీ కాదు. కోట గోడకు దిగువన, సుబ్బరాయుడు గారి పెద్దింటిని ఆనుకొని ఉన్న రెండు గదులు. ముందు గదిలో కాన్పులకు రెండు మంచాలు, వెనక గదిలో నేను. రెండిళ్లకూ కలిసిన పెరట్లో చేదబావి. వీధి మొత్తం ఆ బావి నీళ్లే తాగుతుందట. గిలక కొత్తది, కీచుమనదు.

ఆయా పేరు ఈరక్క. బోయవాళ్ల మనిషి. నా పెట్టె లోపలికి తెస్తూనే అడిగింది.

"ఏ ఊరు నర్సమ్మా?"

"రొళ్ల పక్కన."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"చెప్పులు కుడతాడు."

మాదిగదాన్నని దాచడం నాకు చేతకాదు. దాచితే ఎప్పుడు బయటపడుతుందోనని రోజూ చావాలి. చెప్పేస్తే ఆ ఒక్క క్షణం ఓర్చుకుంటే చాలు. ఈరక్క పెట్టె కింద పెట్టి చేతులు చీరకు తుడుచుకుంది. "బావి కాడికి నువ్వు పోవద్దులే. నీళ్లు నేను తోడి పోస్తా. నీకెందుకు శ్రమ" అంది.

మంచి మనిషి. నాకు శ్రమ లేకుండా చూస్తానంటోంది.

ఫిబ్రవరి 10

రెండు బిందెలు పోసింది. చాలు.

ఫిబ్రవరి 26

ఈరక్క తన బిందె నా బిందెకు తగలనీయదు. జానెడు ఎత్తు నుంచి పోస్తుంది, ఒక్క చుక్క కింద పడదు. ఎంత అలవాటైన చెయ్యి! నాకు కోపం లేదు. మొగుడు లేని మనిషి, ముగ్గురు పిల్లలు. ఆమె గుడిసె సుబ్బరాయుడు గారి చేను గట్టున ఉంది.

మార్చి 30

ఈ నెల కాన్పులన్నీ బాగా జరిగాయి. నొప్పులు వచ్చినప్పుడు ఎవరైనా నా చెయ్యే పట్టుకుంటారు, గోళ్లు దిగేలా. ఇంటికి పోయాక తల్లికీ బిడ్డకూ స్నానం చేయించి గుమ్మంలో పసుపు నీళ్లు చల్లుతారని ఈరక్క చెప్పింది. బిడ్డ పుట్టేదాకా నాకు కులం ఉండదు. బొడ్డు కోశాక వస్తుంది.

మే 6

మధ్యాహ్నం జరిగింది రాయాలి.

సుబ్బరాయుడు గారింట్లో అందరూ లేపాక్షి పోయారు. నెలలు నిండిన కోడలు జయమ్మ ఒక్కతే ఉంది. పొద్దున పదింటికి నొప్పులు మొదలై తనే గోడ పట్టుకొని నడిచి వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ బాగానే ఏడ్చింది. తర్వాత రక్తం ఆగలేదు. డాక్టరు కోసం ఈరక్కను పరుగెత్తించాను. ఒక చేత్తో కడుపు నొక్కి పట్టుకొని సూది కోసం చూస్తే, కాచడానికి గిన్నెలో నీళ్లు లేవు. కుండలోనూ లేవు. ఉన్నవన్నీ కాన్పుకే అయిపోయాయి.

జయమ్మ ముఖం తెల్లబడిపోయింది. "అక్కా, నేను బతుకుతానా?" అంది. నన్ను అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అక్కా అనలేదు.

బావి దగ్గరికి పరుగెత్తాను. చేద వేశాను, తోడాను, తెచ్చాను. ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే పోయేదాన్నా? పోయేదాన్నే అనుకుంటాను. సూది కాచి వేశాను. డాక్టరు వచ్చేసరికి రక్తం ఆగింది. ఆయన చూసి, "ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు" అన్నారు.

ఇద్దరూ బతికారు.

మే 7

వెనకింటి వాళ్లు చూశారట. లేపాక్షి నుంచి వచ్చీ రాగానే సుబ్బరాయుడు గారికి చెప్పారు. పొద్దున పూజారి వచ్చి బావికి ఏదో శుద్ధి చేశారు. పాత చేదనూ తాడునూ కోట కందకంలో పారేశారు.

తర్వాత సుబ్బరాయుడు గారు మా గుమ్మం దగ్గరికి వచ్చారు. కేక వేయలేదు. ఆయన ఎప్పుడూ కేక వేయరు.

"అమ్మా, నా కోడలిని బతికిచ్చినావు. నీకు దండం పెడతాండాను. మా ఇంట్లో నీ పేరు చెప్పుకుంటాము." నిజంగానే చేతులు జోడించారు. "బావి సంగతి మాత్రం వేరే. ఇంకోసారి ఆ పని చెయ్యాకు."

"ఆ నీళ్లు లేకపోతే మీ కోడలు లేదు" అన్నాను.

"అదే కదమ్మా చెప్తాండేది. దానికీ దీనికీ ముడి పెట్టొద్దు."

ఒక మల్లెమొగ్గల చీరను అరుగు మీద పెట్టి పోయారు. అది ఇంకా అక్కడే ఉంది.

మే 8

నాకు కోపం లేదు.

మే 11

మూడు రోజులుగా నిద్ర లేదు. ఒకటే గుర్తొస్తోంది. నాయన గురించి ఎప్పుడూ రాయకూడదనుకున్నాను. రాస్తే పోతుందేమో.

నాకు ఎనిమిదేళ్లు. మా ఊరి బడిలో మేము, మాదిగ పిల్లలం ఇద్దరమే, కిటికీ బయట అరుగు మీద కూర్చునేవాళ్లం. నల్లబల్ల పక్క నుంచి కనిపించేది. అందుకే నా అక్షరాలు ఇప్పటికీ ఒక పక్కకు వాలతాయి. నీళ్ల కడవ వరండా మూలన ఉండేది. దాహమైతే పెద్ద పిల్లలెవరైనా వచ్చి దోసిట్లో పోసేవాళ్లు. ఎండాకాలం. ఆ రోజు పిలిస్తే ఎవరూ రాలేదు. లోపల పద్యం అప్పజెబుతున్నారు. నేను మెల్లగా వరండా ఎక్కి కడవలో చెయ్యి పెట్టి నీళ్లు తీసుకున్నాను. మూడు పుడిసిళ్లు. చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం ఇప్పటికీ చేతికి తెలుస్తుంది.

అయ్యవారు కడవ పగలగొట్టాడు. ఊరి పెద్దలు వచ్చారు. నాయనను పిలిపించారు. వాళ్లు అరుగు మీద, ఆయన కింద ఎండలో. ఏదో మాట్లాడుకున్నారు, దూరంగా ఉన్న నాకు వినిపించలేదు. నాయన నా దగ్గరికి వచ్చి, నడుముకున్న తోలు వారు విప్పి కొట్టాడు. నన్ను చూసి కొట్టలేదు, వాళ్ల వైపు చూస్తూ కొట్టాడు. బడి పిల్లలంతా చూస్తున్నారు. నేను పడిపోయాక కూడా కొట్టాడు. తర్వాత పెంకులు పంచెలో ఏరుకొని ఊరి బయట పారేసి వచ్చాడు.

నెల తిరక్కుండానే నన్ను హిందూపురం మిషను బడిలో వదిలేశాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. గేటు బయటే నిలబడేవాడు. నేను పోయి రెండు మాటలు మాట్లాడి వచ్చేదాన్ని.

పిరికివాడు. పెద్దల ముందు మంచివాడు అనిపించుకోవడానికి బిడ్డను కొట్టినవాడు. నేను ఎవరి ముందూ తల వంచకూడదని ఆ రోజే అనుకున్నాను, ఆయనలా కాకూడదని. మరి ఈ మూడు నెలలూ ఏం చేశాను? జానెడు ఎత్తు నుంచి నీళ్లు పోయించుకున్నాను.

మే 17

పోయాను. నా బిందె, నా తాడు, నా చేద తీసుకొని పగటి పూట, అందరూ చూస్తుండగా పోయాను.

జయమ్మ వెనక వసారాలో బిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉంది. ఈరక్క అక్కడే గుడ్డలు ఉతుకుతోంది. పక్కింటి మిద్దె మీద రోషన్‌బీ మిరపకాయలు ఎండబోస్తోంది. నేను చేద వదిలేలోగా సుబ్బరాయుడు గారు లోపల నుంచి వచ్చి, "ఆగమ్మా" అన్నారు. నేను ఆగలేదు. ఆయన తన పాలేరు వైపు చూశారు, అంతే. వాడు నా చేతిలోని బిందె లాక్కొని బండ మీద వేసి కొట్టాడు. రాగిది, పగల్లేదు గానీ సొట్టలు పడింది. నన్ను భుజం పట్టి గెంటాడు.

నేను జయమ్మను చూశాను. ఆమె బిడ్డను చూస్తోంది.

మే 18

పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసిచ్చాను. అంటరానితనం నేరమని చట్టం వచ్చి నాలుగేళ్లయింది. స్టేషనులో ఎవరూ దాన్ని చూసినట్టు లేదు. "వీధి బావే గదమ్మా, రాజీ పడండి" అన్నాడు రైటరు. సెక్షను నంబరు నేనే చెప్పి రాయించాను.

జూన్ 4

ఈరక్క ఏడుస్తూ వచ్చింది. "నర్సమ్మా, నన్ను సాచ్చికం ఎందుకు రాయిచ్చినావు? వాళ్ల గట్టున ఉండాము. పిల్లలనేసుకొని యాడికి పోవల్ల నేను?"

"చూసిందే చెప్పు. అంతకంటే ఏమీ వద్దు."

"చూసింది చెప్పేదానికే కదా భయం" అంది.

ఇప్పుడు నీళ్లు రోషన్‌బీ ఇస్తోంది. ఆమె పెరట్లో చిన్న బావి ఉంది, సగం ఎండింది. ముసలామె గిలక దగ్గర నిలబడి, "నువ్వే తోడుకో అమ్మీ, నా నడుము పట్టుకునింది" అంటుంది. ఆమె నడుముకు ఏమీ కాలేదు. నిన్న గోడ మీది పిల్లిని తరమడానికి మిద్దె మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

జులై 19

నాయన వచ్చాడు. ఎవరు చెప్పారో. అడుగు లోపల పెట్టకుండా గడప బయట కూర్చున్నాడు. బాగా ముసలివాడైపోయాడు.

"కోర్టంట కదా."

"అవును."

"రాజీ పడమంటావేమో" అని నేనే అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. "చేతులు కట్టుకొని నిలబడమంటావేమో."

"నేనేమీ అనలే" అన్నాడు. "ఆ పొద్దు నీ పక్కన కూసుంటామని వచ్చినా."

సంగటి చేశాను. తిన్నాడు.

జులై 22

కోర్టు.

ఈరక్క బోను ఎక్కి, "నర్సమ్మకు నీళ్లకేం కొదవ లేదు సామీ, దినామూ నేనే తోడి పోస్తాండా" అంది. గొడవ చూశావా అంటే చూడలేదంది.

జయమ్మ కొత్త పట్టుచీర కట్టుకొని వచ్చింది. "నేను లోపల పండుకొని ఉన్నా. ఏమీ చూడలేదు." నా వైపు తిరగలేదు. చెవి తమ్మె దగ్గర చెమట జారుతోంది. ఆ చెమటనూ, ఆ మనిషి ఒంట్లోని ప్రతి నొప్పినీ ఎరిగినదాన్ని నేను.

రోషన్‌బీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవతలి లాయరు, "నీకు కండ్లు బాగా కనపడతాయా?" అని అడిగాడు. "నీ కోటు గుండీ ఒకటి ఊడిపోయుండాది. కనపడుతుందా నీకు?" అంది. కోర్టులో నవ్వారు. నవ్వారు గానీ, ఒక్క సాక్ష్యం చాలదన్నారు. కేసు కొట్టేశారు.

సుబ్బరాయుడు గారు బయట నాకు నమస్కారం పెట్టారు.

అదే రోజు, సాయంత్రం

నాయనను రైలెక్కించడానికి స్టేషనుకు పోయాను. హిందూపురం పాసింజరు ఆలస్యం. బెంచీ ఖాళీగా ఉన్నా ఆయన కింద కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"పైన కూర్చో. ఇది ఎవరి అబ్బ సొత్తూ కాదు. ఇంకా ఎన్నాళ్లు ఇట్లా భయపడతావు? ఆ రోజూ ఇంతే. వాళ్లు అడక్కముందే తోలు వారు విప్పినావు."

ఆయన పట్టాల వైపు తిరిగి కూర్చున్నాడు.

"అడిగినారు మ్మే" అన్నాడు. "వాళ్లేం అడిగినారో నీకు తెలీదు. కడవలో పెట్టిన చెయ్యి కాల్చల్లన్నారు. కొడవలి ఎర్రగా కాల్చుకొని రమ్మని మనిషిని పంపిచ్చినారు. నేను కాళ్ల మీద పడి, నా బిడ్డను నేనే దండిచ్చుకుంటా సామీ అన్నా. ఊరికే రెండేట్లు ఏస్తే వాళ్లకు ఆనదు. సాలు అని వాళ్ల నోటితో అనేదాకా కొట్టల్ల. అందుకే వాళ్ల మొగాలు చూస్తా కొట్టినా. ఎప్పుడంటారా అని."

నా కుడి చెయ్యి ఒళ్లో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇరవై ఏళ్లు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? సిన్నపిల్లవి. చెప్పింటే చెయ్యి చూసుకున్నప్పుడల్లా వనికేదానివి. నా మీద కోపముంటే ఏమాయె? కోపంతో సదువుకున్నావు కదా."

రైలు వచ్చింది. నేను ఏడవలేదు. కాళ్లు ముట్టుకోలేదు. టికెట్టు ఎక్కడ పెట్టుకున్నావు అని అడిగాను. పై పంచె కొంగు చూపించాడు.

జులై 23

చెప్పి ఉండాల్సింది.

జులై 24

చెప్పి ఉంటే ఈ ఉద్యోగం, ఈ కేసు ఏదీ ఉండేది కాదేమో. అయినా చెప్పి ఉండాల్సింది. ఇరవై ఏళ్ల ద్వేషాన్ని తప్పు మనిషి మీద ఖర్చు పెట్టాను. ఇప్పుడు దాన్ని ఎవరి మీదికి తిప్పాలి? ఆ పెద్దల్లో సగం మంది చచ్చే ఉంటారు, హాయిగా, తమ మంచాల మీద.

సెప్టెంబరు 12, ధర్మవరం

బదిలీ చేశారు. "మీ మంచికే" అని రాశారు.

1960 జనవరి 31, ధర్మవరం

ఇక్కడ మగ్గాల ఇళ్లలో నన్ను వసారాలోనే ఆపుతారు. పట్టు మైల పడుతుందట. గర్భిణి మగ్గం దిగి వసారాలోకి వస్తుంది. నాకు కోపం ఉంది. ఈ మాట రాయడానికి ఏడాది పట్టింది.

ఆదివారాలు మాదిగవాడలో ఆడవాళ్లను కూర్చోబెట్టి చట్టం చదివి వినిపిస్తున్నాను. మొదటి వారం నలుగురు వచ్చారు. ఒకామె నిద్రపోయింది.

ఆగస్టు 14

సభల్లో మాట్లాడమని నల్లమాడ నుంచి పిలుపు, లేపాక్షి నుంచి పిలుపు. నాయకురాలు అంటున్నారు. నవ్వొస్తుంది. కోపం దాచుకోలేని మనిషికి ఆ పేరు పెడతారు కాబోలు. సభలో బాగా మాట్లాడానన్నారు. కడవ సంగతి చెప్పాను. నాయన కొట్టాడని చెప్పాను, ఎందుకు కొట్టాడో చెప్పలేదు. చెబితే గొంతు నిలవదు. సభలో ఉన్నవాళ్లు నాయనను తిట్టుకున్నారు. ఊరుకున్నాను.

నవంబరు 2

లేపాక్షి సభలో ఈ రోజు అంతా చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలాయన లేచి తన చెయ్యి చూపించాడు. అరచేయి మొత్తం ముడుచుకుపోయి ఉంది.

1961 మార్చి 8

పెనుకొండ మాదిగవాడ నుంచి నరసక్క అనే పెద్దామె, ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ల చెలమ ఎండిపోయింది. "సుబ్బరాయుడి బావి కాడికి నువ్వు ముందర నడిస్తే మేమొస్తాం. నువ్వు లేకుంటే మాకు కాళ్లు ఆడవు" అంది నరసక్క.

ప్రభుత్వోద్యోగి ఇలాంటి వాటిలో తిరగకూడదని ఇప్పటికే రెండుసార్లు కాగితం వచ్చింది. మూడోది వస్తే ఉద్యోగం పోతుంది.

మార్చి 10

రాజీనామా ఇచ్చాను. సంచి, కత్తెర, సూదులు అప్పగించాను. ఇక నా చేతుల్లోకి ఏ బిడ్డా రాదు. బాధ లేదని రాద్దామనుకున్నాను. ఉంది.

మార్చి 20, పెనుకొండ

ముప్పైమంది ఆడవాళ్లం బిందెలతో నడిచాము. పోలీసులకు ముందే చెప్పాము. ఇద్దరు కానిస్టేబుళ్లు వెంట వచ్చారు. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. పెరట్లోకి పోయి చూస్తే గిలక లేదు. బావి లేదు. రాళ్లూ మట్టీ గట్టు దాకా నింపి ఉన్నాయి. నిన్న పగలంతా నాలుగు బండ్లతో తోలారట.

మేము ముట్టకుండా ఉండడానికి తమ బావిని తామే పూడ్చుకున్నారు. ఇప్పుడు వీధి వీధికంతా నీళ్లు లేవు. ఊరవతలి నుంచి తెచ్చుకుంటున్నారు.

నాకు ఏం చేయాలో తోచలేదు. నాయకురాలిని! నరసక్క బిందె పక్కన పెట్టి, వంగి ఒక రాయి ఎత్తి బయట వేసింది. ఇంకోటి ఎత్తింది. "నిలబడితే నీళ్లొస్తాయా?" అంది. అప్పుడు అందరం వంగాము.

కానిస్టేబుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పూడిక తీయకూడదని ఏ చట్టంలోనూ లేదు.

మార్చి 21

రోషన్‌బీ గంపలూ గడ్డపారలూ ఇచ్చింది. సుబ్బరాయుడు గారు అడ్డం రాలేదు. నీళ్లు లేక వీధివాళ్లు ఆయన మీదే గొణుగుతున్నారట.

మార్చి 24

జయమ్మ వెనక వసారాలోకి వచ్చింది. చంకలో బిడ్డ, రెండేళ్లు నిండబోతున్నాయి. అచ్చం తల్లి ముక్కు. ఇంటివాళ్లెవరూ లేనిది చూసి దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆ పొద్దు నేను అంతా చూసినా."

"తెలుసు."

"చెప్తే ఇంట్లో ఉండనిచ్చేవాళ్లు కాదు."

"అదీ తెలుసు."

"బిడ్డను ఒక్కసారి ఎత్తుకోక్కా. నువ్వు పోసిన ప్రాణం."

చేతులు మట్టిగా ఉన్నాయన్నాను. నిజమే, మట్టిగానే ఉన్నాయి. కానీ అందుకు కాదు.

ఆమె లోపలికి పోయింది. బిడ్డ భుజం మీద నుంచి నన్నే చూస్తోంది. పిలవాలనిపించింది. పిలవలేదు.

మార్చి 29

పదో రోజు. మధ్యాహ్నానికి అడుగున తడి కనిపించింది. మూడింటికి మోకాలి లోతు నీళ్లు ఊరాయి, ఎర్రగా, చిక్కగా. ఈరక్క ఎక్కడి నుంచో వచ్చి, ఒక మూలన నిలబడి చూసింది. తర్వాత దిగి గంప అందుకుంది. నేను జరిగి చోటిచ్చాను.

అప్పుడు సుబ్బరాయుడు గారింటి నుంచి పాలేరు ఒక పెద్ద సత్తు డేగిసా మోసుకొచ్చి పెరటి వాకిలి బయట, దారిలో దించాడు. సంగటి, ఊరుబిండి పచ్చడి. పక్కన విస్తరాకులు. సుబ్బరాయుడు గారు వాకిట్లో నిలబడి ఎప్పటిలాగే మెల్లగా అన్నారు.

"బావి బాగా చేసినారు తల్లీ. పూడిక తీసిన కూలోళ్లు ఆకలితో పోగూడదు. తిని పోండి."

ఒక్క మాటతో పది రోజుల పనిని ఆయన తన ఇంటి పనిగా మార్చేశారు. నాకు చెప్పడానికి మాటలు చాలానే ఉన్నాయి, ఏడాదిగా సభల్లో చెబుతున్నవి. పొద్దుటి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. సంగటి మీద ఆవిరి లేస్తోంది. అందరూ నన్ను చూస్తున్నారు.

ముగ్గురు పోయి తిన్నారు. ఒకామె చంటిపిల్ల తల్లి. వాళ్లను ఏమీ అనలేదు. అనాలనిపించింది, ఆ అనిపించడానికే సిగ్గుపడుతూ ఇది రాస్తున్నాను.

మిగిలినవాళ్లం ఆయన ముందే చేద వదిలాము. నరసక్క తోడింది, నేను దోసిలి పట్టాను, ఈరక్క పట్టింది, తిని వచ్చిన ముగ్గురూ చేతులు కడుక్కొని వచ్చి పట్టారు.

నీళ్లు ఇంకా తేరలేదు. అయినా తాగాము.